ఎత్తైన లైటు స్తంభాలు: లేపే పద్ధతులు, వాడే యంత్రాలు, తర్వాత వచ్చే తిప్పలు

ఒకప్పుడు రైల్వే యార్డులకు, ఓడరేవులకు పరిమితమైన హైమాస్ట్ లైట్లు (బాగా ఎత్తైన స్తంభం కొసన గుత్తిగా ఉండే లైట్లు) ఇప్పుడు మండల కేంద్రం బస్టాండు దాకా వచ్చేశాయి. ప్రారంభోత్సవం ఫొటో జిల్లా పేజీలో పడ్డ కొన్నాళ్లకే అదే పేజీలో ఇంకో వార్త కనిపించడం కూడా మామూలైంది: లైట్లు వెలగడం లేదు, లేదా స్తంభం ఒరిగింది. నాసిరకం సామాను, కాంట్రాక్టరు కక్కుర్తి అనడంతో చర్చ ఆగిపోతుంది. అవీ ఉండొచ్చు. అయితే స్తంభాన్ని ఏ పద్ధతిలో నిలబెట్టారు, రిపేరు వస్తే లైట్లను ఎలా కిందికి తెస్తారు అని అడిగితే ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం దొరుకుతుంది.

క్లుప్తంగా చెప్పాలంటే: స్తంభం బరువు కన్నా దాని పొడవే యంత్రాన్ని నిర్ణయిస్తుంది. క్రేన్ పని గంటలో అయిపోతుంది. స్తంభం ఆయుష్షు మాత్రం ఫౌండేషన్ బోల్టుల మీద, కాంక్రీటుకు ఇచ్చిన గడువు మీద ఆధారపడుతుంది. కోస్తాలోనూ తెలంగాణలోనూ గాలి లెక్క ఒకటి కాదు. దించే ఏర్పాటు పనిచేయని హైమాస్ట్ మొదటి రిపేరుతోనే ఉత్త స్తంభంగా మిగులుతుంది.

ఏది ఎంత పొడవు, ఎంత బరువు

వీధుల్లో కనిపించేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది కరెంటు స్తంభమే: 8 లేదా 9.1 మీటర్ల సిమెంటు స్తంభానికి చేయి బిగించి లైటు పెడతారు. ఇది మూడు నాలుగు వందల కిలోల బరువుంటుంది. పొడవులో ఆరో వంతు మట్టిలోకి దిగాలన్నది దీనికి వాడుకలో ఉన్న లెక్క. రెండోది డివైడర్ల మీద కనిపించే ఎనిమిది పలకల ఇనుప స్తంభం. జింకు పూత వేసిన పలుచని రేకుతో చేస్తారు కాబట్టి తొమ్మిది మీటర్లదైనా వంద కిలోల లోపే ఉంటుంది. దీన్ని మట్టిలో పాతరు, అడుగున ఉన్న పలకను కాంక్రీటు దిమ్మెలోని బోల్టులకు బిగిస్తారు.

మూడోది హైమాస్ట్. మన దగ్గర 12.5, 16, 20, 25, 30 మీటర్ల ఎత్తుల్లో ఎక్కువగా వాడతారు. ముప్పై మీటర్లది రేకు మందాన్ని బట్టి దాదాపు ఒకటిన్నర టన్ను తూగుతుంది. అంత పొడవు ఒకే ముక్కగా లారీలో రాదు, పూత వేసే జింకు తొట్టిలోనూ పట్టదు. అందుకే రెండు మూడు ముక్కలుగా తెచ్చి అక్కడే కలుపుతారు.

ఇటుకల లారీతో పోలిస్తే ఒకటిన్నర టన్ను ఏమంత బరువు కాదు. చిక్కంతా పొడవుతోనే.

తాళ్లతో, గడలతో

యంత్రం వెళ్లలేని పొలం గట్ల మీద, ఇరుకు సందుల్లో ఇప్పటికీ మనుషులే స్తంభం లేపుతారు. ఊళ్లో ధ్వజస్తంభం నిలబెట్టే పద్ధతీ ఇదీ మూలంలో ఒకటే. గొయ్యికి ఒక వైపు ఏటవాలుగా కాలువలా తవ్వుతారు. స్తంభం మొదలు అందులోకి జారేలా పెట్టి, ఎదురుగా గొయ్యి గోడకు చెక్క లేదా గడ్డపార అడ్డం పెడతారు. లేకపోతే మొదలు మట్టిలోకి దూసుకుపోయి కూరుకుపోతుంది. కొసను మొదట భుజాల మీద, తర్వాత కత్తెరలా కట్టిన గడల మీద కొంచెం కొంచెంగా పైకి తోస్తారు. ఒక జట్టు ముందు నుంచి మోకు లాగుతుంది, పక్కల్లో రెండు తాళ్లు, వెనక ఇంకొకటి పట్టుకుంటారు.

ఈ పనిలో బలం ఎక్కడ ఖర్చవుతుందో చూస్తే యంత్రాల తర్కం కూడా అర్థమవుతుంది. స్తంభం నేల మీద పడుకుని ఉన్నప్పుడు దూరంగా నిలబడి తాడు ఎంత లాగినా అది లేవదు, నేల మీదే జరుగుతుంది, అంతే. తాడు పైనుంచి లాగాలి. అందుకే గొయ్యి పక్కన ఒక పొట్టి గుంజ పాతి, దాని తలమీద కప్పీ పెట్టి తాడు నడిపిస్తారు. మూడు మీటర్ల గుంజ మీదుగా ఎనిమిది మీటర్ల, 350 కిలోల స్తంభాన్ని లాగితే మొదట్లో తాడు మీద పడే లాగుడు దాదాపు 500 కిలోలు ఉంటుంది, అంటే స్తంభం బరువు కన్నా ఎక్కువ. స్తంభం లేచేకొద్దీ ఈ లాగుడు తగ్గుతుంది. ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. నిటారుకు దగ్గరయ్యేసరికి ముందు తాడు దాదాపు వదులుగా ఉంటుంది, జట్టుకు పని అయిపోయినట్టు అనిపిస్తుంది. స్తంభం అదే ఊపులో అవతలికి పడిపోకుండా ఆపేది వెనక తాడు ఒక్కటే. ఆ తాడు పట్టుకోవడానికి జట్టులో అనుభవం ఉన్నవాణ్ని పెట్టడం వెనక కారణం అదే.

మనుషుల బదులు చైన్ పుల్లీ, తాడును చుట్టి లాగే చేతి వించ్, మూడు కాళ్ల ట్రైపాడ్ వాడితే పని నెమ్మదిగా సాగుతుంది కానీ ఏ క్షణంలోనైనా ఆపి చూసుకునే వీలుంటుంది. అమెరికాలో కరెంటు కంపెనీలు ఈ మొత్తం వ్యవహారాన్ని ఒకే లారీ మీదికి ఎక్కించాయి: గుండ్రటి గొయ్యి తోడే ఆగర్, స్తంభం ఎత్తే బూమ్ (క్రేన్ చేయి) రెండూ దాని మీదే ఉంటాయి. మన దగ్గర ట్రాక్టరుకు బిగించిన ఆగర్లు వచ్చాక ఇదే పని చిన్న స్థాయిలో జరుగుతోంది. ఆగర్ గొయ్యి సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టూ మట్టి కదలదు, స్తంభం గట్టిగా నిలుస్తుంది. జేసీబీతో తవ్విన గొయ్యి నోరు వెడల్పు. పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా దిమ్మిసా కొట్టకపోతే మొదటి వానకే స్తంభం తల వాలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేలాది కరెంటు స్తంభాలను పడగొట్టినప్పటి లాంటి పరిస్థితుల్లో మాత్రం ఈ తేడాలు చూసే తీరిక ఉండదు. చేతికందిన యంత్రంతో తవ్వి పాతడమే.

హైడ్రాతో సులువెంత, చిక్కెంత

పట్టణాల్లో తొమ్మిది నుంచి పదహారు మీటర్ల స్తంభాలకు దాదాపు అన్నిచోట్లా వచ్చేది హైడ్రా అనే చక్రాల క్రేనే. అద్దెకు తేలిగ్గా దొరుకుతుంది, స్తంభాన్ని ఎత్తి పట్టుకుని అలాగే నడిచి వెళ్లగలదు, కాళ్లు దించి స్థిరపడే పని ఉండదు. రోడ్డు మీద ట్రాఫిక్ ఆపి చేసే పనికి ఈ వేగం ముఖ్యం.

దీని పరిమితులు రెండు. మామూలు క్రేన్ బూమ్ తన పీఠం మీద పక్కకు తిరుగుతుంది. హైడ్రా బూమ్ అలా తిరగదు, బండే తిరగాలి. డివైడర్ మీద, రెండు తీగల మధ్య, చెట్టు కొమ్మ కింద స్తంభాన్ని అంగుళాల లెక్కన జరపాల్సి వచ్చినప్పుడు బండిని ముందుకూ వెనక్కూ ఆడిస్తారు, కొసన స్తంభం ఊగుతుంది. రెండోది, వేలాడే బరువు డ్రైవరుకు ఎదురుగానే ఉండి దారి కనబడనివ్వదు. సైగలు చేసే మనిషి లేకుండా హైడ్రా నడపడం అందుకే ప్రమాదం. అయినా చాలా పనుల్లో ఆ మనిషి విడిగా ఉండడు. తాడు పట్టుకున్నవాడే సైగలూ చేస్తుంటాడు.

టన్నుల గురించి ఒక అపోహ కూడా ఉంది. 14 టన్నుల క్రేన్ అంటే బూమ్ పూర్తిగా ముడుచుకుని, బరువు బండికి ఆనుకుని ఉన్నప్పుడు ఎత్తగలిగేది. బూమ్ సాగేకొద్దీ, బరువు దూరం జరిగేకొద్దీ ఆ సామర్థ్యం వేగంగా పడిపోతుంది, పదో వంతుకు కూడా దిగొచ్చు. మధ్యలో మడత తిరిగే బండ్లలో, తిప్పినప్పుడు ఇంకా తగ్గుతుంది. క్యాబిన్‌లో అంటించి ఉండే లోడ్ చార్టు చెప్పేది ఇదే. ఒకటిన్నర టన్ను మాస్టుకు పద్నాలుగు టన్నుల బండి చాలు కదా అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

ముప్పై మీటర్లది లేపడం

ముందు పని నేల మీద మొదలవుతుంది. ముక్కలను చెక్క దుంగల మీద ఒకే వరసలో పడుకోబెడతారు. పై ముక్క అడుగు భాగం కింది ముక్క కొస మీదికి టోపీలా ఎక్కుతుంది. దీన్నే స్లిప్ జాయింట్ అంటారు, బోల్టు గానీ వెల్డింగు గానీ ఉండదు. ఒకదాని మీద ఒకటి ఎక్కే భాగం పొడవు అక్కడి వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది సాధారణ నియమం. రెండు పక్కలా చైన్ పుల్లీలు తగిలించి సమానంగా లాగుతారు. ఒక వైపు ఎక్కువ లాగితే జాయింటు వంకరగా బిగుస్తుంది, మాస్టు జీవితాంతం ఆ వంకర అలాగే ఉంటుంది. ఎంత బలంతో లాగాలో తయారీదారు చెబుతాడు. గుర్తు గీత దాకా వచ్చింది కదా అని మధ్యలో ఆపేస్తే తర్వాత గాలికి అది జారి కూర్చుంటుంది, లైట్లను దించడానికి లోపల ఉండే స్టీలు తాళ్ల కొలత తప్పుతుంది. ఆ తాళ్లను, కేబులును ఈ దశలోనే లోపల వేస్తారు.

ఇక ఎత్తడం. బెల్టు ఎక్కడ కట్టాలన్నది మొదటి ప్రశ్న. అడుగున 58 సెంటీమీటర్లు, కొసన 15 సెంటీమీటర్లు వెడల్పున్న ముప్పై మీటర్ల మాస్టుకు బరువు కేంద్రం మధ్యలో ఉండదు, అడుగు నుంచి దాదాపు 12 మీటర్ల దగ్గర ఉంటుంది. దానికి బాగా పైన, 18 నుంచి 20 మీటర్ల దగ్గర పట్టుకుంటేనే అది బుద్ధిగా నిటారుగా వేలాడుతుంది. అంటే క్రేన్ హుక్కు ఇరవై మీటర్ల పైకి పోవాలి. మామూలు హైడ్రా బూమ్‌కు అది అందదు. పెద్ద టెలిస్కోపిక్ క్రేన్ కావాలి, అది నిలవడానికి గట్టి నేల కావాలి, దాని అద్దె వేరు. కొన్నిచోట్ల ఈ ఖర్చు తప్పించుకోవడానికి హైడ్రాతోనే బరువు కేంద్రానికి దగ్గరగా పట్టుకుని లేపుతారు. అప్పుడు మాస్టు పెన్సిలు తిరిగినట్టు తిరగబోతుంది, అడుగున మనుషులు వేలాడి ఆపుతారు. ప్రమాదాలకు దారి తీసేది ఇలాంటి పొదుపే.

ఇనుప తాడు బదులు నైలాన్ బెల్టు కట్టడానికి కారణం జింకు పూత. ఇనుప తాడు గీసిన చోట పూత పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. తీరప్రాంతంలో పగటిపూట ఎండ ముదిరేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుంటుంది కాబట్టి ఈ పని పొద్దున్నే పెట్టుకోవడం మేలు.

అసలు పని నేలలో

క్రేన్ వచ్చి వెళ్లేదాకా చూడటానికి జనం గుమిగూడతారు. బోల్టులు నిలబెట్టి కాంక్రీటు పోసిన రోజు ఎవరూ రారు. స్తంభం బాగోగులు తేలేది ఆ రోజే.

గాలి స్తంభాన్ని పక్కకు తోస్తుంది. ఆ తోపు కింద స్తంభాన్ని పడదోసే పెద్ద బలంగా మారుతుంది, దాన్ని ఒక వైపు బోల్టులు లాగి పట్టుకుంటాయి, రెండో వైపు కాంక్రీటు మోస్తుంది. బోల్టులన్నీ ఒకే వలయంలో, ఒకే ఎత్తులో ఉండాలి. అందుకోసం స్టీలు టెంప్లేటుకు బిగించి కాంక్రీటులో నిలబెడతారు. కాంక్రీటును సర్దే వైబ్రేటరు ఆడించేటప్పుడు ఈ బోల్టుల పంజరం కొంచెం ఒరిగినా తేడా ఎంతంటే, అడుగున ఒక్క డిగ్రీ వాలు ముప్పై మీటర్ల కొసన అర మీటరు పైనే అవుతుంది. పలక కింద ఉండే లెవెలింగ్ నట్లతో కొంత సరిచేయొచ్చు. రెండు వైపుల నుంచి తూకం గుండుతోనో, కోణాలు కొలిచే థియోడలైటుతోనో చూసి పై నట్లు బిగిస్తారు. బోల్టుల మరలకు గ్రీజు రాసి గోనెగుడ్డ చుట్టారా లేదా అన్న చిన్న విషయం ఆ రోజు తేలుతుంది. సిమెంటు పట్టిన మర మీద నట్టు పూర్తిగా దిగదు, బిగిసినట్టు మాత్రం కనిపిస్తుంది.

కాంక్రీటు తన పూర్తి బలానికి చేరడానికి 28 రోజులు లెక్క. ఏడు రోజులకు దాదాపు మూడింట రెండు వంతులు వస్తుంది. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైన పనుల్లో ఈ గడువుకే మొదట కత్తెర పడుతుంది.

నేల కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. టెండరు డ్రాయింగులో చదరపు మీటరుకు పది టన్నులు మోసే నేల అని ఒక ఊహ ఉంటుంది. హైదరాబాద్‌లో కొన్ని అడుగులకే రాయి తగిలి, దాన్ని పగలగొట్టే బ్రేకరు తేవాల్సి వస్తుంది. నల్లరేగడిలో వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే మట్టి దిమ్మెను కదిలిస్తుంది. గోదావరి డెల్టాలో గొయ్యి తవ్వుతుండగానే నీళ్లు ఊరతాయి, మోటారు పెట్టి తోడుతూ కాంక్రీటు పోయాలి. ఒకే డ్రాయింగును మూడు చోట్లా వాడితే మూడు రకాల ఫలితాలు వస్తాయి. కొన్ని దేశాల్లో వాడే స్క్రూ పైల్ ఈ విషయంలో ఆసక్తికరమైనది. రెక్కలున్న ఇనుప గొట్టాన్ని స్క్రూలాగా భూమిలోకి తిప్పి దించుతారు. తిప్పడానికి పట్టిన బలాన్ని బట్టే ఆ నేల ఎంత మోస్తుందో అంచనా వేస్తారు. కాంక్రీటు ఆరేదాకా ఆగే పని లేదు. అయితే రాతి నేలలో ఇది దిగదు.

నట్లు వదులైతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలోని అయోవా రాష్ట్రం ఉదాహరణగా నిలిచింది. 2003 నవంబరులో సూ సిటీ దగ్గర హైవే పక్కన 140 అడుగుల హైమాస్ట్ కూలింది. అడుగు పలక వెల్డింగు దగ్గర పగులు పట్టి కాలక్రమంలో పెరిగినట్టు తేలింది. తర్వాత జరిగిన పరిశీలనల్లో వదులుగా ఉన్న నట్లు, పలుచని పలకలు కూడా చర్చకు వచ్చాయి. తుపాను గాలే కానక్కర్లేదు, తక్కువ వేగంతో నిలకడగా వీచే గాలి కూడా స్తంభం వెనక సుడులు పుట్టించి దాన్ని అటూ ఇటూ ఊపుతుంది. లోహం లక్షల ఊపుల తర్వాత అలసిపోతుంది. ఒక్క నట్టు వదులైతే దాని వంతు బరువు పక్క బోల్టుల మీద, ఆ చోటి వెల్డింగు మీద పడుతుంది.

గాలి లెక్క

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం దేశాన్ని గాలి వేగాల ప్రకారం విభజించింది. డిజైనుకు మూల వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడలకు 50 మీటర్లు. చూడ్డానికి తేడా ఆరే. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. మిగతా గుణకాలు పక్కన పెట్టి ముతకగా లెక్కేస్తే చదరపు మీటరు మీద హైదరాబాద్‌లో దాదాపు 118 కిలోలు, విశాఖలో 153 కిలోలు. ముప్పై శాతం ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఈ లెక్క కాగితం మీది నుంచి వీధిలోకి వచ్చింది.

సోలార్ మినీ హైమాస్టుల్లో ఈ విషయం సులువుగా మరుగున పడుతుంది. రెండు చదరపు మీటర్ల ప్యానెల్‌ను తొమ్మిది మీటర్ల ఎత్తున పెడితే కోస్తా గాలికి అక్కడ పడే తోపు మూడు వందల కిలోలు. మామూలు లైటు కోసం డిజైను చేసిన స్తంభానికే తర్వాత ప్యానెలు, బ్యాటరీ పెట్టె, ఫ్లెక్సీ తగిలిస్తూ పోతే ఫౌండేషన్ మాత్రం పాతదే ఉంటుంది.

పైన తీగలు

స్తంభం లేపే పనిలో ప్రాణాలు తీసే మొదటి కారణాల్లో కరెంటు ఒకటి. 11 కేవీ లైను కింద ఇనుప స్తంభం లేపుతుంటే కొస ఎక్కడుందో కింద ఉన్నవారికి సరిగా అంచనా దొరకదు. తగలనక్కర్లేదు, దగ్గరికెళ్లినా చాలు. అమెరికా నిబంధనలు 50 కేవీ దాకా ఉన్న లైన్లకు క్రేన్ భాగాలేవీ పది అడుగుల లోపు రాకూడదంటాయి. మన దగ్గర డిస్కం నుంచి లైన్ క్లియర్ (లైనులో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి), వాడుకలో ఎల్‌సీ, తీసుకుని పని చేయాలి. ఎల్‌సీ ఇచ్చాక కూడా లైనుకు ఎర్తు రాడ్లు తగిలించడం తప్పనిసరి, ఎందుకంటే ఎవరి జనరేటరు నుంచో వెనక్కి కరెంటు రావచ్చు. వానాకాలంలో స్తంభం ముట్టుకుని షాక్ తగిలే ఘటనల వెనక సరైన ఎర్తింగ్ లేకపోవడం, తలుపు లేని జంక్షన్ బాక్సు, తెగిన కేబులు ఉంటాయి. ఆ తలుపు చిన్న వస్తువే, కానీ ఊడిపోతే మళ్లీ బిగించేది ఎవరన్నది ఒప్పందాల్లో ఉండదు.

మళ్లీ కిందికి తేవడం

ఎత్తులో లైటు పెట్టడం మొదలైనప్పటి నుంచి ఈ బాధ ఉంది. ఇప్పుడు తెలుగువారు బాగా స్థిరపడ్డ అమెరికా నగరం ఆస్టిన్‌లో 1894-95లో 165 అడుగుల లైటు టవర్లు 31 నిలబెట్టారు. వాటిలోని ఆర్క్ దీపాల కార్బన్ కడ్డీలు అరిగిపోతుంటే మార్చడానికి మనిషి పైకి పోవాల్సి వచ్చేది. హైమాస్ట్ దీన్ని తలకిందులు చేసింది: మనిషి పైకి పోడు, లైట్ల చట్రమే కిందికి వస్తుంది. స్తంభం లోపల స్టీలు తాళ్లు, అడుగు తలుపు వెనక వించ్, దాన్ని తిప్పే మోటారు, ఇదీ ఏర్పాటు.

ఎల్ఈడీలు వచ్చాక దీనికి కొత్త చిక్కు తోడైంది. పాత సోడియం దీపాలు తరచూ మాడేవి కాబట్టి చట్రం దిగుతూ ఎక్కుతూ ఉండేది. ఎల్ఈడీకి 50 వేల గంటలు అని చెబుతారు, రాత్రికి 12 గంటల చొప్పున పదకొండేళ్లు. లైటు మాడదు, కానీ దానికి కరెంటును సరిచేసి ఇచ్చే డ్రైవరు, పిడుగుపాటు నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టరు ముందే పోతాయి. అప్పటికి వించ్ ఏళ్ల తరబడి కదలక, నూనె ఎండి పట్టేసి ఉంటుంది, తాడు కప్పీలో ఇరుక్కుంటుంది. ముప్పై మీటర్లు అందుకునే స్కైలిఫ్ట్ (మనిషిని పైకెత్తే బండి) చిన్న మున్సిపాలిటీకి ఉండదు, పెద్ద నగరం నుంచి అద్దెకు తేవాలి. నున్నటి బహుభుజి స్తంభానికి నిచ్చెన ఉండదు కాబట్టి ఎక్కడమూ కుదరదు.

తక్కువ ఎత్తులకు నడుము దగ్గర మడత ఉన్న స్తంభాలు ఒక ప్రత్యామ్నాయం. పై సగం ప్రతిబరువుతో తూగుతూ ఉంటుంది, ఇద్దరు మనుషులు తాడుతో వంచి బాగుచేసి మళ్లీ లేపుతారు. ఒక్కో స్తంభం ఖరీదు ఎక్కువ, క్రేన్ అద్దె మాత్రం ఆ ఒక్కసారితో సరి.

చిన్న పట్టణాల మట్టుకు చూస్తే ఎత్తు తగ్గించుకోవడమే తెలివైన పని అనిపిస్తుంది. ముప్పై మీటర్లది ఒకటి పెట్టే చోట పన్నెండున్నర మీటర్లవి రెండు మూడు పెడితే ఫౌండేషన్లు, కేబులు ఖర్చు పెరుగుతాయి, కూడలి నడుమ స్తంభాలూ ఎక్కువవుతాయి. బదులుగా లేపడానికి హైడ్రా సరిపోతుంది, వించ్ పట్టేసినా పైకి వెళ్లడానికి ఒక మోస్తరు స్కైలిఫ్ట్ చాలు, ఒకటి ఆరిపోతే మిగతావి వెలుగుతాయి. పెద్ద బస్టాండు, లారీల యార్డు, ఓడరేవు లాంటి చోట్ల నేల మీద అడ్డం ఉండకూడదు కాబట్టి పొడవాటి మాస్టు తప్పదు. అలాంటి చోట నిర్వహణ ఒప్పందంలో రెండు పనులు విడిగా రాయించుకోవచ్చు: నిలబెట్టిన కొన్ని వారాలకు నట్లు మళ్లీ బిగించడం, లైట్లు బాగానే వెలుగుతున్నా ఏడాదికోసారి చట్రాన్ని కిందికి దించి ఎక్కించడం.